రిపోర్టులో “నాడ్యూల్” అని ఉందా? పొగతాగిన పెద్దవాళ్ళ స్కాన్, రక్తపరీక్షలు చదవడం ఎలా

మా నాన్న సీటీ స్కాన్ రిపోర్ట్ ఇచ్చిన రోజు నేను దాన్ని స్కానింగ్ సెంటర్ మెట్లమీదే నిలబడి చదివాను. చదివాను అనడం కంటే చివరి మూడు లైన్లు వెతుక్కున్నాను అనాలి, కవరు విప్పగానే అందరి కళ్ళూ వెళ్ళేది అక్కడికే కదా. “కుడి ఊపిరితిత్తి పై లోబ్‌లో 9 మిల్లీమీటర్ల నాడ్యూల్. మాలిగ్నెన్సీని తోసిపుచ్చలేం.” అంటే ఊపిరితిత్తి పైభాగంలో చిన్న గడ్డ ఉంది, అది క్యాన్సర్ కాదని చెప్పలేం అని. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు, అందులో 40 ఏళ్ళు రోజుకో పెట్టె సిగరెట్లు తాగారు. ఇంటికి చేరేలోపే నా మనసులో క్యాన్సర్ ఖాయమైపోయింది. మూడు వారాలు ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. మొదట చూసిన డాక్టరు అడగని ప్రశ్న ఒకటి, మూడు వారాల తర్వాత రెండో డాక్టరు కూర్చోగానే అడిగారు: “పాత స్కాన్ ఏమైనా ఉందా?” ఉంది. ఆరేళ్ళ కిందట నిమోనియా వచ్చినప్పుడు తీసిన సీటీ, సీడీ రూపంలో బీరువాలో బట్టల కింద పడి ఉంది. అందులో అదే చోట అదే నాడ్యూల్, అదే 9 మిల్లీమీటర్లు.

అందరి కథా ఇలా తేలిపోదు, అది నాకు బాగా తెలుసు. కొందరికి నిజంగానే క్యాన్సర్ అని తేలుతుంది, అప్పుడు తొందరగా కదలడమే ప్రాణం నిలబెడుతుంది. రెండు సందర్భాల్లోనూ రిపోర్టు చదవాల్సిన పద్ధతి మాత్రం ఒకటే, దాన్నే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆ పది నిమిషాలూ వృథా కాకుండా ఉండటానికి ఇది పనికొస్తే చాలు.

మొదటి పని: పాత స్కాన్ వెతకండి

ఇంకేదీ చదవకముందే ఈ పని చేయండి. ఎప్పుడో జ్వరానికి తీసిన ఎక్స్‌రే, గుండె పరీక్షలో భాగంగా తీసిన సీటీ, ఆపరేషన్‌కి ముందు తీయించిన ఛాతీ ఫిల్మ్, ఏదైనా సరే. కడుపు సీటీలో కూడా ఊపిరితిత్తుల కింది భాగం కొంత కనిపిస్తుంది, అదీ తీసి పెట్టుకోండి. ఇంట్లో లేకపోతే తీయించిన చోట అడగండి, చాలామంది కంప్యూటర్‌లో కొన్నేళ్ళు దాచి ఉంచుతారు. రిపోర్ట్ కాగితం ఒక్కటే సరిపోదు, బొమ్మలున్న సీడీయే కావాలి, ఎందుకంటే రేడియాలజిస్ట్ (స్కాన్లు చదివే డాక్టరు) రెండు స్కాన్లనీ పక్కపక్కన పెట్టి అదే చోట కొలవగలిగితేనే పోలికకు విలువ. పాత రిపోర్టులో నాడ్యూల్ మాట లేకపోయినంత మాత్రాన అప్పుడు అది లేదని అర్థం కాదు, చిన్నదని రాయకుండా వదిలేసి ఉండొచ్చు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఒక స్కాన్ అంటే ఆ ఒక్క క్షణం ఫోటో. క్యాన్సర్‌ని మిగతా మచ్చల నుంచి వేరు చేసే పెద్ద గుర్తు పెరుగుదల, అది ఒక్క ఫోటోలో కనపడదు. గట్టి నాడ్యూల్ (రిపోర్టులో “సాలిడ్” అని ఉంటుంది) రెండేళ్ళపాటు అసలు మారకుండా ఉంటే దాన్ని దాదాపు నిరపాయమైనదిగానే చూస్తారు. ఇక్కడ ఒక చిన్న లెక్క తెలుసుకుంటే మంచిది: 8 మిల్లీమీటర్ల గుండ్రటి గడ్డ 10 అయితే “రెండే కదా పెరిగింది” అనిపిస్తుంది, కానీ దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపు అయినట్టు. గట్టి రకం క్యాన్సర్లు ఇలా రెట్టింపు కావడానికి చాలావరకు 100 నుంచి 400 రోజులు పడుతుంది. రెండు మూడు వారాల్లోనే రెట్టింపు అయితే ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. మరోపక్క, 2 మిల్లీమీటర్ల లోపు తేడా అయితే అది కొలతలో వచ్చిన తేడా కూడా కావచ్చు, ఊపిరి ఎంత లోతుగా పీల్చారు, స్కాన్‌లో బొమ్మలు (స్లైసులు) ఎంత పలుచగా తీశారు అన్నదాన్ని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. 7 కాస్తా 8 అయిందని గుండెలు బాదుకోకండి, అలాగని 8 నుంచి 10కి పెరిగితే తేలిగ్గా తీసుకోకండి.

పొగ లెక్క నిజాయితీగా చెప్పాలి

డాక్టర్లు “ప్యాక్ ఇయర్స్” అని ఒక లెక్క వాడతారు. రోజుకి ఎన్ని పెట్టెలో, ఎన్నేళ్ళో, రెండూ గుణించడమే. 20 సిగరెట్లని ఒక పెట్టె అనుకుంటే, రోజుకి 10 చొప్పున 40 ఏళ్ళు తాగినవాళ్ళకి 20 ప్యాక్ ఇయర్స్. అమెరికాలో 2021 నుంచి ఉన్న సూచన ప్రకారం 50 నుంచి 80 ఏళ్ళ మధ్య ఉండి, కనీసం 20 ప్యాక్ ఇయర్స్ తాగి, ఇప్పటికీ తాగుతున్నవాళ్ళు లేదా మానేసి 15 ఏళ్ళు నిండనివాళ్ళు ఏటా తక్కువ రేడియేషన్ సీటీ తీయించుకోవాలి. మీరున్న చోట నియమం వేరుగా ఉండొచ్చు, కానీ ఎవరికి ప్రమాదం ఎక్కువో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పెద్దవాళ్ళు పిల్లల ముందు ఈ అంకె తగ్గించి చెప్తారు. మా నాన్న “ఏదో నాలుగైదు” అన్నారు, పక్కనే ఉన్న అమ్మ “నాలుగైదా? పెట్టె ఖాళీ అయ్యేది” అంది. ఆ సవరణతో డాక్టరు రాసుకున్న ప్రమాదం స్థాయే మారిపోయింది. కాబట్టి ఇంట్లోవాళ్ళు పక్కన ఉండటం మంచిది, తప్పు పట్టడానికి కాదు, లెక్క సరిచూడటానికి. మానేసిన సంవత్సరం కూడా రాసుకెళ్ళండి. మానేశాక ప్రమాదం ఏటేటా తగ్గుతూ వస్తుంది, కానీ ఎప్పుడూ తాగనివాళ్ళ స్థాయికి పూర్తిగా రాదు.

స్కాన్ రిపోర్టులో ఏం చూడాలి

చివరి పేరా పక్కనపెట్టి మధ్యలో ఉండే వివరాలు చదవండి. ఐదు సంగతులు వెతకాలి: ఎంత సైజు, ఏ రకం, అంచులెలా ఉన్నాయి, ఎక్కడుంది, చుట్టుపక్కల ఇంకేముంది.

నాడ్యూల్ అంటే 3 సెంటీమీటర్ల లోపు ఉండే చిన్న గడ్డ లేదా మచ్చ, అంతే. ఆ మాటకి క్యాన్సర్ అని అర్థం లేదు. పాత ఇన్ఫెక్షన్ మచ్చ కావచ్చు, మానిపోయిన టీబీ గుర్తు కావచ్చు, ఊపిరితిత్తిలోనే ఉండే చిన్న లింఫ్ గ్రంథి కావచ్చు. 3 సెంటీమీటర్లు దాటితే “మాస్” అంటారు, దాని విషయంలో ఎదురుచూడటం ఉండదు, వెంటనే తర్వాతి పరీక్షలకు వెళ్తారు.

వేరే కారణంతో తీసిన స్కాన్‌లో గట్టి నాడ్యూల్ ఒకటి అనుకోకుండా కనపడితే చాలామంది డాక్టర్లు అనుసరించేది ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘమైన ఫ్లైష్నర్ సొసైటీ 2017 మార్గదర్శకాలు. 6 మిల్లీమీటర్ల లోపు ఉంటే ప్రమాదం తక్కువున్న మనిషికి మళ్ళీ స్కాన్ అక్కర్లేదు, పొగతాగినవాళ్ళకి 12 నెలల తర్వాత ఒకసారి చూడొచ్చు. 6 నుంచి 8 మధ్య అయితే 6 నుంచి 12 నెలల్లో మళ్ళీ సీటీ. 8 దాటితే మూడు నెలల్లో సీటీ, లేదా పెట్ స్కాన్, లేదా ముక్క తీసి పరీక్ష, ఈ మూడింటిలో ఏదన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఇంతకుముందే క్యాన్సర్ ఉన్నవాళ్ళకీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకీ ఈ లెక్క వర్తించదు. స్క్రీనింగ్ కోసమే తీసిన స్కాన్ అయితే రిపోర్టులో “లంగ్ రాడ్స్” అని ఒక అంకె ఉంటుంది: 1, 2 అంటే ఏడాది తర్వాత మామూలుగా రండి అని, 3 అంటే ఆరు నెలలకి, 4ఏ అంటే మూడు నెలలకి, 4బీ, 4ఎక్స్ అంటే ఆగకుండా ఇంకా పరీక్షలు చేయాలి అని.

రకం దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. “గ్రౌండ్ గ్లాస్” అని రాస్తే ఆ చోట మసక గాజులో నుంచి చూసినట్టు లేత తెలుపు ఉందని అర్థం. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చి కొన్ని వారాల్లో పోవచ్చు. పోకుండా అలాగే ఉంటే అది చాలా నెమ్మదిగా పెరిగే రకం కావచ్చు, అందుకే 6 మిల్లీమీటర్లు అంతకంటే పెద్దవాటిని ఐదేళ్ళ దాకా గమనిస్తారు, గట్టి నాడ్యూల్‌కి పనికొచ్చే రెండేళ్ళ లెక్క దీనికి పనికిరాదు. మసక మధ్యలో గట్టి భాగం కూడా ఉంటే “పార్ట్ సాలిడ్” అంటారు, మూడింటిలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇదే, ముఖ్యంగా లోపలి గట్టి భాగం పెరుగుతుంటే.

అంచులు నున్నగా ఉంటే కొంత ఊరట. “స్పిక్యులేటెడ్” అని ఉంటే పిల్లలు సూర్యుడి బొమ్మ వేసి చుట్టూ కిరణాలు గీసినట్టు అంచుల నుంచి సన్నటి గీతలు బయటికి వస్తున్నాయని, ఇది అనుమానం పెంచే మాట. పై లోబ్‌లో ఉండటం కూడా అనుమానాన్ని కొంచెం పెంచుతుంది, కానీ పాత టీబీ మచ్చలూ ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, కాబట్టి గతంలో టీబీ మందులు వాడి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మంచి కబురు మోసుకొచ్చే మాటలు కూడా కొన్ని ఉంటాయి: నాడ్యూల్ మొత్తం, లేదా సరిగ్గా మధ్యలో, లేదా పొరలు పొరలుగా కాల్షియం పేరుకుందని రాస్తే అది చాలావరకు పాత మచ్చే. లోపల కొవ్వు కనపడినా అంతే, నిరపాయమైన గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ. కాల్షియం ఒక పక్కకి మాత్రమే ఉందంటే ఆ భరోసా లేదు.

ఇక చుట్టుపక్కల. ఛాతీ మధ్యలో లింఫ్ గ్రంథులు అడ్డంగా 10 మిల్లీమీటర్లు దాటాయా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందా, కాలేయంలో గానీ కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథిలో గానీ ఏమైనా కనపడిందా, ఇవి చూసుకోండి. “ఎంఫసీమా” అని ఉంటే గాలిగదులు దెబ్బతిన్నాయని, ఊపిరి ఊదే పరీక్ష చేయించాలని. అది క్యాన్సర్ కాదు గానీ క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. “కరోనరీ కాల్సిఫికేషన్” అన్న మాటని దయచేసి దాటేయకండి. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందని దాని అర్థం, నాడ్యూల్ గొడవలో పడి అందరూ దీన్ని మర్చిపోతారు, ఏళ్ళ తరబడి పొగతాగిన మనిషికి ముందు ప్రమాదం గుండె నుంచే రావచ్చు.

“మాలిగ్నెన్సీని తోసిపుచ్చలేం” అన్న లైను గురించి ఒక్క మాట. రేడియాలజిస్ట్ చూసేది బొమ్మ మాత్రమే, మనిషిని కాదు. బొమ్మతో తేల్చలేనిదాన్ని తేల్చలేనని నిజాయితీగా రాయడం అది. 2011లో ఫలితాలు వెలువడిన అమెరికా నేషనల్ లంగ్ స్క్రీనింగ్ ట్రయల్‌లో 53 వేలమందికి పైగా పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు పాల్గొన్నారు. సీటీ తీసిన ప్రతి నాలుగు సార్లలో దాదాపు ఒకసారి అనుమానం కనపడింది, అలా అనుమానం వచ్చినవాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలాయి. అదే అధ్యయనంలో ఎక్స్‌రేతో పోలిస్తే సీటీ తీయించుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఈ రెండు అంకెలూ కలిపే గుర్తుపెట్టుకోండి.

రక్తపరీక్షల్లో ఏముంటుంది, ఏముండదు

ముందు ఇది చెప్పాలి: రక్తపరీక్షలన్నీ నార్మల్‌గా ఉన్నాయని స్కాన్‌ని పక్కన పెట్టకూడదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలిదశలో రక్తంలో ఏ తేడా లేకపోవడమే మామూలు. అలాగే ఎర్ర అక్షరాల్లో నాలుగు అంకెలు కనిపించగానే క్యాన్సర్ అనుకోకూడదు. పొగ ఒక్కటే కొన్ని అంకెల్ని మార్చేస్తుంది.

ఉదాహరణకి హిమోగ్లోబిన్. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో అది 17, 18 దాకా ఉండొచ్చు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోటు ఆక్రమిస్తుంది, ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎర్ర కణాలు ఎక్కువ తయారుచేస్తుంది. “రక్తం బాగా పట్టింది” అని సంబరపడే విషయం కాదు, రక్తం చిక్కబడితే గడ్డకట్టే ప్రమాదం ఉంది, డాక్టరుకి చూపించాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా ఇలాంటివాళ్ళలో కొంచెం మోసం చేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ ఉన్నదానిగా లెక్కేస్తుంది. తెల్ల రక్తకణాలు కూడా పొగతాగేవాళ్ళలో కాస్త ఎక్కువే ఉంటాయి. అసలు గమనించాల్సింది దీనికి ఉల్టా: ఇన్నాళ్ళూ 16 ఉండే హిమోగ్లోబిన్ కారణం లేకుండా 11కి దిగిందా? ప్లేట్‌లెట్లు 4 లక్షలు దాటి అలాగే ఉంటున్నాయా? ఒంట్లో ఎక్కడో వాపు, ఇన్ఫెక్షన్, రక్తస్రావం, ఐరన్ లోపం, లేదా క్యాన్సర్, వీటిలో ఏదైనా కావచ్చు, కారణం వెతకాలి.

ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనేవి ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్) పట్టే రక్తపరీక్షలు, పెరిగితే అలాంటిదేదో ఉందని మాత్రమే చెప్తాయి, ఎక్కడో చెప్పవు. ఈఎస్ఆర్ వయసుతోపాటు పెరుగుతుంది. మగవాళ్ళకి వయసులో సగం, ఆడవాళ్ళకి వయసుకి పది కలిపి సగం దాకా ఒప్పుకునే పాత లెక్క ఒకటుంది, అంటే 70 ఏళ్ళ మగమనిషికి 35 అంత భయపడాల్సింది కాదు, ల్యాబ్ దాన్ని ఎర్రగా అచ్చువేసినా.

సోడియం, కాల్షియం ఈ రెండింటినీ ఎవరూ పట్టించుకోరు, నన్నడిగితే ముందు చూడాల్సినవి ఇవే. సోడియం 135 కంటే తగ్గితే బీపీకి వాడే కొన్ని నీటి మాత్రల వల్ల కావచ్చు, పెద్దవాళ్ళలో అది చాలా మామూలు. కానీ స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా ఒక హార్మోన్ విడుదల చేసి సోడియం తగ్గిస్తుంది, కాబట్టి మాత్రల సంగతి చూశాక కూడా కారణం దొరకకపోతే వదలకండి. కాల్షియం పెరగడం పొలుసుల రకం క్యాన్సర్‌లోనూ, ఎముకలకు పాకినప్పుడూ కనిపిస్తుంది, పారాథైరాయిడ్ గ్రంథి సమస్యలో కూడా. కాల్షియం చూసేటప్పుడు పక్కన అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) కూడా చూడాలి. అల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గిన ప్రతిసారీ కాల్షియానికి 0.8 కలపాలి. కాల్షియం 9.8 అని ఉంటే నార్మల్ అనిపిస్తుంది, కానీ అల్బుమిన్ 2.5 ఉంటే 1.2 కలిపి అసలు అంకె 11. దాంతోపాటు విపరీతమైన దాహం, మలబద్ధకం, మనిషి మాట తడబడటం, మత్తుగా ఉండటం ఉంటే అది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సిన విషయం.

ట్యూమర్ మార్కర్ల గురించి, అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాల గురించి. సీఈఏ అనేది పొగతాగేవాళ్ళలో ఊరికే ఎక్కువుంటుంది, తాగనివాళ్ళకి 3 దాకా నార్మల్ అయితే తాగేవాళ్ళకి 5 దాకా ఒప్పుకుంటారు. ఇది క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు, క్యాన్సర్ అని తేలినవాళ్ళలో చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి ఎక్కువగా వాడతారు. డాక్టరు అడగకుండా సొంతంగా హెల్త్ ప్యాకేజీలో ఇది చేయించుకుని ఇంటిల్లిపాదీ కంగారు పడటం నేను కళ్ళారా చూశాను. క్రియాటినిన్ మాత్రం సరిచూసుకోండి, రంగు మందు ఎక్కించి తీసే సీటీకి కిడ్నీలు తట్టుకుంటాయో లేదో దాంతోనే తెలుస్తుంది. నాడ్యూల్ పెరిగిందా లేదా అని చూసే మామూలు సీటీకి ఆ మందు అవసరం లేదు.

పెట్ స్కాన్, బయాప్సీ అన్నప్పుడు

పెట్ స్కాన్‌లో “వెలిగింది” అంటే ఆ చోట చక్కెర ఎక్కువ ఖర్చవుతోందని. క్యాన్సర్ వెలుగుతుంది, టీబీ వెలుగుతుంది, ఫంగస్ కూడా వెలుగుతుంది. 8 మిల్లీమీటర్ల లోపు వాటిని అది నమ్మకంగా చూపించలేదు, నెమ్మదిగా పెరిగే కొన్ని క్యాన్సర్లు వెలగవు కూడా. కాబట్టి పెట్ స్కాన్ ఒక్కదానితో అవునని గానీ కాదని గానీ తీర్పు ఇచ్చేయలేం. చివరికి తేల్చేది ముక్క తీసి చేసే పరీక్షే. “సూది పెడితే క్యాన్సర్ పాకిపోతుంది” అన్న భయంతో బయాప్సీ వాయిదా వేసేవాళ్ళున్నారు. అలా పాకడం చాలా చాలా అరుదు, వాయిదా వల్ల జరిగే నష్టమే ఎక్కువ. బయటి నుంచి సూదితో తీసేటప్పుడు నిజంగా ఉన్న ఇబ్బంది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, ఎంఫసీమా ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, అందుకే తీశాక కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపేయకండి.

డాక్టరు దగ్గర అడగాల్సినవి కాగితంమీద రాసుకెళ్ళండి, అక్కడ కూర్చున్నాక ఏదీ గుర్తుకురాదు. ఇది గట్టి రకమా మసక రకమా, పాత స్కాన్‌తో పోల్చారా, మా నాన్న వయసూ పొగ లెక్కా కలిపి చూస్తే అవకాశం ఎంత, తర్వాతి స్కాన్ ఏ నెలలో, అంతవరకూ ఆగడం వల్ల నష్టం ఉందా. ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. “మూడు నెలలాగి రండి” అంటే పట్టించుకోవట్లేదని కాదు, పెరిగిందో లేదో తెలియడానికి అంత సమయం కావాలని.

కానీ తేదీ కోసం ఆగకూడని సందర్భాలున్నాయి. కఫంలో రక్తం పడితే, ఒక్క చార అయినా సరే, వెంటనే చూపించండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, ప్రయత్నించకుండానే బరువు తగ్గుతున్నా, ఒకే చోట మళ్ళీ మళ్ళీ నిమోనియా వస్తున్నా, భుజం నుంచి చేతిలోకి వదలని నొప్పి ఉన్నా, వేళ్ళ చివర్లు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా వంగుతున్నా, వారం లోపు డాక్టర్ని కలవండి. ముఖం, మెడ ఉబ్బినా, ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, రక్తం దగ్గులో ఎక్కువగా పడినా ఎమర్జెన్సీకే.

ఆఖరుగా, రిపోర్టు సంగతి పెద్దవాళ్ళకి దాచకండి. మేం మొదటి వారం దాచాం, ఆయనకి మా ముఖాలు చూస్తేనే అర్థమైపోయింది, ఒక్కరే కూర్చుని మాకంటే ఎక్కువ ఊహించుకున్నారు. చెప్పిన రోజునే సిగరెట్ మానేస్తానన్నారు, రెండుసార్లు తప్పారు, మూడోసారి డాక్టరిచ్చిన నికోటిన్ ప్యాచ్‌తో నిలబడ్డారు. “ఈ వయసులో మానేసి ఏం లాభం” అని ఎవరన్నా అంటే నమ్మకండి, క్యాన్సర్ తేలిన తర్వాత మానేసినా చికిత్స మెరుగ్గా పనిచేస్తుంది, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం తేలికవుతుంది. ఇప్పుడు ఆయన సీడీలన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి, ప్రతిదాని మీదా మార్కర్‌తో తేదీ, నాడ్యూల్ సైజు రాసి పెట్టాను, బట్టల కింద మాత్రం ఏదీ లేదు.